ట్యాపింగ్ చేసినా ధ్యానానికి కూర్చోలేకపోతున్నారా? తేడా ఎక్కడుందో చూద్దాం

రోజూ ధ్యానం చేయాలనుకుని వాయిదా వేసేవాళ్ళు చాలామంది ఈ మధ్య ట్యాపింగ్ పట్టుకుంటున్నారు. అంటే మనసులోని ఇబ్బందిని మాటల్లో చెప్పుకుంటూ ముఖం మీద, ఒంటి మీద కొన్ని బిందువుల దగ్గర వేళ్ళతో తట్టుకోవడం. మంచిదే. కానీ "చేశానండీ, నాకు పనిచేయలేదు" అని వచ్చేవాళ్ళని నేను మొదట అడిగేది ఒకటే: ఎక్కడ చేశారు, ఎన్నింటికి చేశారు? అక్కడే సగంమంది నీళ్ళు నములుతారు.

అరచేతి అంచు మీద తడుతూ "ఈ ఇబ్బంది ఉన్నా పర్లేదు" లాంటి మాట మూడుసార్లు చెప్పుకోవడం, కనుబొమ దగ్గర మొదలుపెట్టి కంటి పక్క, కంటి కింద, ముక్కు కింద, గడ్డం, కాలర్ బోన్, చంక కింద, నడినెత్తి వరుసగా తట్టడం (ఇదంతా ఒక రౌండు), ఇబ్బందికి సున్నా నుంచి పది దాకా అంకె వేసుకోవడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

అంకె అసలు కదలడం లేదు

రాత్రి భోజనం అయ్యాక మంచం మీద వాలి, రేపు పొద్దున ధ్యానానికి లేవాలని ట్యాపింగ్ చేస్తారు. ఆ టైమ్‌లో ధ్యానం అంటే ఎవరికి విసుగు ఉంటుంది? రాత్రి పదింటికి అందరం మహర్షులమే. ఇబ్బంది పదికి రెండో మూడో ఉంటుంది, ఇక తగ్గడానికి ఏముంది? అసలు ఇబ్బంది తెల్లవారి అయిదున్నరకు అలారం మోగినప్పుడు వస్తుంది. అప్పుడేమో ట్యాపింగ్ గుర్తుండదు.

కాబట్టి పొద్దున లేచి, ముఖం కడుక్కుని, చాప పరిచి, దాని పక్కన నిలబడి అంకె వేయండి. ఏడో ఎనిమిదో వస్తే సంతోషించండి, సరైన చోటే ఉన్నారు. అక్కడే, నిలబడే తట్టండి. ఇంత చిన్న విషయం ఎన్నిసార్లు చెప్పినా వదిలేస్తారు.

రెండోది, "నాకు బద్ధకం ఉన్నా" అని మొదలుపెట్టడం. బద్ధకం అన్నది మీ మీద మీరు ఇచ్చుకున్న తీర్పు. దాన్ని పట్టుకుని తడితే ఏమీ కదలదు. చాప చూడగానే ఒంట్లో ఏమవుతోందో చెప్పండి. "చాప చూస్తే పొట్టలో బరువుగా ఉంది", "కళ్ళు మూసుకోవాలంటే ఛాతీ పట్టేసినట్టుంది". పుస్తకం చదివినట్టు కాకుండా ఇంట్లో మాట్లాడినట్టే అనండి. "పొట్టలో ఇలా బరువుగా ఉన్నా పర్లేదు, నేను బాగానే ఉన్నాను" అంటే చాలు.

అంకె తగ్గింది, అయినా కూర్చోలేదు

నన్ను ఎక్కువసార్లు బోల్తా కొట్టించింది ఇదే, అందుకే కాస్త ఓపిగ్గా చదవండి. బయటికి అంతా సవ్యంగానే కనబడుతుంది. చాప దగ్గరే చేశారు, ఒంట్లో బరువు గురించే చేశారు, ఎనిమిది కాస్తా రెండుకు దిగింది. "హమ్మయ్య" అని వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసి, పేపర్ చదివి, స్నానానికి వెళ్ళిపోయారు. అడిగితే "ట్యాపింగ్ బాగుందండీ, చాలా తేలిగ్గా ఉంది" అంటారు. ధ్యానం మాత్రం జరగలేదు.

దీనికి కారణం బాకీ. మానేసిన రోజులన్నీ లోపల లెక్క పెరుగుతూ ఉంటాయి. పది రోజుల విపశ్యన శిబిరం నుంచి వచ్చినవాళ్ళకి ఇది మరీ ఎక్కువ. పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమని అక్కడ చెప్పి పంపుతారు. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు సాగుతుంది, తర్వాత సాయంత్రం గంట జారిపోతుంది, ఆ వెనకే పొద్దున గంట. పిరమిడ్ ధ్యానం చేసేవాళ్ళలో ఎంత వయసుంటే అన్ని నిమిషాలు కూర్చోవాలన్న లెక్క ఉంది. యాభై రెండేళ్ళ మనిషి మూడు నెలలు మానేసి మళ్ళీ మొదలుపెట్టాలంటే యాభై రెండు నిమిషాలు ఎదురుగా నిలబడతాయి. ఆ పద్ధతులు తప్పని నేను అనడం లేదు, చక్కగా చేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. కానీ మానేసినవాళ్ళకి ఆ అంకే గుమ్మంలో అడ్డం పడుతుంది. కూర్చుంటే ఎగ్గొట్టిన రోజులన్నీ ఒప్పుకున్నట్టవుతుంది. కూర్చోకపోతే ఆ ఊసే ఉండదు. మనసు ఏది ఎంచుకుంటుందో చెప్పక్కర్లేదు.

ఈ సంగతి పొట్టలో బరువుగా కనబడదు, అందుకే అంకెకు అందదు. దీన్ని బయటికి లాగడానికి ఒక పరీక్ష ఉంది. అంకె తగ్గాక చాప పక్కనే నిలబడి గట్టిగా ఇలా అనండి: "ఇప్పుడు అయిదు నిమిషాలు కూర్చుంటాను." అన్న వెంటనే లోపల ఒక మాట పుడుతుంది. దాన్ని పట్టుకోండి, కాగితం మీద రాయండి. మీరు తట్టాల్సింది ఆ మాట మీదే.

ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు, చాప బీరువా వెనక నిలబెట్టే ఉంటుంది. ట్యాపింగ్ ఆయన నాకంటే శుభ్రంగా చేస్తారు, అంకె ఒకటికి దించుతారు. ఈ వాక్యం అనమంటే పెద్దగా నవ్వేశారు. "అయిదు నిమిషాలా? అదేం ధ్యానమండీ, మా గురువుగారు వింటే ఇంట్లోంచి వెళ్ళగొడతారు" అన్నారు. అడ్డం పడుతున్నది ఆ నవ్వే. అరచేతి అంచు మీద తడుతూ "అయిదు నిమిషాలు కూర్చుంటే గురువుగారి దగ్గర పరువు పోతుందనిపిస్తోంది, అయినా పర్లేదు" అనమన్నాను. రెండో రౌండులో కాలర్ బోన్ దగ్గరికి వచ్చేసరికి గొంతు మారింది. "ఇన్ని నెలలు ఏం మొహం పెట్టుకుని కూర్చోను" అన్నారు. అప్పుడు దాని మీద మరో రౌండు. ఆ తర్వాత నేను వాచీ చూసుకునే లోపే ఆయన చాప పరిచేశారు.

వాయిదా మీద పరిశోధన చేసేవాళ్ళు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. ఫుషియా సిరోయిస్, తిమోతీ పిచిల్ 2013లో రాసిన పేపర్ ప్రకారం వాయిదా అన్నది టైమ్ చాలక వచ్చేది కాదు, ఆ క్షణంలో కలిగే చిరాకు నుంచి తప్పించుకునే మార్గం. అంతకుముందు 2010లో పిచిల్, ఆయనతోటివాళ్ళు విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, మొదటి పరీక్షకి చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్ళు రెండో పరీక్షకి తక్కువ వాయిదా వేశారు. బాకీ మాఫీ చేసుకున్నవాళ్ళే ముందుకు కదిలారన్నమాట. ట్యాపింగ్‌లో "అయినా పర్లేదు" అనే ముక్క చేసే పని కూడా ఇదే. చాలామంది దాన్ని మొక్కుబడిగా గొణిగి వదిలేస్తారు.

అంకె మళ్ళీ మూడుకో అటూ ఇటుకో రాగానే ఆపి, నిలబడ్డ చోటే కూర్చోండి. సున్నా కోసం ఆగొద్దు. నీళ్ళు తాగి వస్తాను, ఫ్యాన్ తగ్గించి వస్తాను అన్నారా, అయిపోయింది. అయిదు నిమిషాలకి టైమర్ పెట్టండి, మోగగానే లేచిపోండి. ఇంకా కూర్చోవాలనిపించినా మొదటి వారం లేచిపోండి. నిన్నటి బాకీ ఇవాళ్టి అయిదు నిమిషాల్లో కలపొద్దు.

పరీక్షలో పుట్టే మాట ప్రతిసారీ బాకీ గురించే ఉండదు. "ఆయన లేచి కాఫీ అడుగుతారు", "పిల్ల స్కూల్ బస్సు ఆరున్నరకే" లాంటివి వస్తే వాటి మీద ట్యాపింగ్ చేయకండి. అవి నిజమైన అడ్డంకులు. ధ్యానం టైమ్ మార్చుకోండి, లేదా కాఫీ ఆయన్నే కలుపుకోమనండి. కాఫీ గొడవ నెత్తి మీద తడితే తీరదు.

ట్యాపింగే పావుగంట పడుతోంది

ఒక్కో మాటకి రెండు రౌండ్లు చాలు. కొత్త కొత్త బాధలు తవ్వుకుంటూ పోతే అది ధ్యానాన్ని వాయిదా వేసే కొత్త పద్ధతి అవుతుంది. పైగా ఎవరూ తప్పుపట్టరు, సాధనలా కనబడుతుంది కదా! రౌండు మధ్యలో చిన్నప్పటి సంగతేదో గుర్తొస్తే కాగితం మీద ఒక ముక్క రాసి పక్కన పెట్టండి. సాయంత్రం చూసుకోవచ్చు.

కూర్చున్నాక రెండు నిమిషాలకే లేచిపోతున్నారు

ముందు మోకాళ్ళు చూడండి. నొప్పి ఉంటే కుర్చీలో కూర్చోండి, ధ్యానానికి ఏ లోటూ రాదు. తర్వాత ఫోన్ ఎక్కడుందో చూడండి. టైమర్ కోసమని పక్కన పెట్టుకున్న ఫోన్‌లోనే వాట్సాప్ కూడా ఉంటుంది. వంటింటి గడియారమో, పాత అలారమో వాడండి. ఇవి రెండూ కాకపోతే అప్పుడు కూర్చున్న చోటే కాలర్ బోన్ కింద మెల్లగా తడుతూ ఒక నిమిషం గడపండి.

మిగతావి

ట్యాపింగ్ చేస్తుంటే ఆవలింతలు వస్తే రానివ్వండి. నిద్ర ముంచుకొస్తే రాత్రి నిద్ర చాలలేదని అర్థం, అంతకు మించి వెతకొద్దు.

వాయిదాకి ప్రత్యేకమైన వరుస ఉందా అని అడుగుతారు. ఈ పద్ధతికి మూలమైన రోజర్ క్యాలహన్ 1980లలో ఒక్కో సమస్యకి ఒక్కో వరుస చెప్పారు. 1990లలో గ్యారీ క్రెయిగ్ వాటన్నిటినీ కలిపి అన్నిటికీ ఒకటే వరుస చేశారు. ఇప్పుడు అందరూ చేసేది అదే.

బిందువు అర అంగుళం పక్కకి పోయిందేమోనని కూడా బెంగ వద్దు. కెనడాలో వేట్, హోల్డర్ 2003లో ప్రచురించిన ప్రయోగంలో అసలు బిందువుల మీద తట్టినవాళ్ళకీ, వేరే చోట తట్టినవాళ్ళకీ, చివరికి బొమ్మ మీద తట్టినవాళ్ళకీ కూడా భయం తగ్గింది. బిందువుల గొప్పతనం గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పేవాళ్ళు ఈ సంగతి ఎత్తరు. ఏ చెయ్యి వాడాలి, ఎటు తిరగాలి, పరగడుపునా కాదా, ఇవేవీ పట్టించుకోకండి.

ఒక్కటి మాత్రం పట్టించుకోవాలి. కళ్ళు మూసుకుంటే గుండె దడ, ఊపిరాడకపోవడం, పాత దుర్ఘటన కళ్ళముందు తిరగడం లాంటివి ఉంటే, లేదా వారాల తరబడి ఏ పని మీదా మనసు లేకపోతే, అది వాయిదా సమస్య కాదు. ట్యాపింగ్, ధ్యానం రెండూ ఆపి డాక్టర్‌ని కలవండి. మానసిక ఆరోగ్య సహాయం కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.