రైఫిల్ స్టాక్‌కి ఏ ఎపాక్సీ, అందులో ఏ పొడి

రైఫిల్ స్టాక్‌లో, అంటే ఇనుము కూర్చునే చెక్క భాగంలో, మార్పు చేయించుకోవాలని వచ్చేవాళ్లు ముందు అడిగేది ఏ ఎపాక్సీ మంచిదని. నేను వాళ్లని అడిగేది ఎక్కడ పెట్టాలని. చెంప ఆనే చోటా, చెయ్యి పట్టే చోటా, లేక లోపల ఇనుము కూర్చునే చోటా? ఎపాక్సీ అంటే రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపి వాడే జిగురు. ఆ రెసిన్ విషయంలో పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. అందులో కలిపే పొడే ఆ ముద్ద తేలిగ్గా ఉంటుందా, గట్టిగా ఉంటుందా, పాలిష్ పేపర్‌కి లొంగుతుందా అన్నది తేలుస్తుంది.

కాచిగూడలో మాది వడ్రంగి షెడ్డు. తలుపులు, మంచాలతో పాటు ఎయిర్ రైఫిల్ స్టాక్‌లు కూడా చేస్తాను. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ పెరిగిన ఊరు మన హైదరాబాద్. ఇక్కడ రైఫిల్ పట్టే పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లలో చాలామందికి కంపెనీ స్టాక్ సరిపోదు. మెడ వంచి గురి చూసే పిల్లకి గంటలో భుజం పట్టేస్తుంది. చెంప దగ్గర కాస్త ఎత్తు పెంచితే ఆ బాధ పోతుంది. అందుకే ఈ పని మీద నాకు అంత పట్టింపు.

ఒక మాట ముందే చెప్పాలి. నేను రాసేది చెక్క పని గురించే. గొట్టం లోపలి కొలత 4.5 మిల్లీమీటర్లు దాటని, గుండు శక్తి 20 జౌల్స్ లోపు ఉండే ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. నిప్పుతో పేలే తుపాకీ అయితే లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరికే వెళ్లాలి.

ఇక రెసిన్. ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరికే అరాల్డైట్ స్టాండర్డ్ చిన్న పనులన్నిటికీ చాలు. రెండు ట్యూబులూ సమానంగా పిండి కలపాలి. తొందరగా గట్టిపడదు కాబట్టి తీరిగ్గా సర్దుకోవచ్చు. ఎక్కువ మొత్తం కావాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఫైబర్ గ్లాస్ సామాను అమ్మేవాళ్లని ఎల్‌వై 556 రెసిన్, హెచ్‌వై 951 హార్డెనర్ అని అడగండి. అది ట్యూబుల అరాల్డైట్ కన్నా పల్చగా ఉంటుంది. 100 గ్రాముల రెసిన్‌కి 10 గ్రాముల హార్డెనర్. ఇది తూకం లెక్క, కంటి లెక్క కాదు. గ్రాములో పదో వంతు చూపే చిన్న నగల తూకం కొనుక్కోండి. ఐదు నిమిషాల ఎపాక్సీని మాత్రం స్టాక్‌కి వాడొద్దు. వేడికీ తేమకీ అది తట్టుకోదు, పైగా సర్దుకునేలోపే బిగుసుకుపోతుంది.

త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోసేవాళ్లు ఉన్నారు. పాలిస్టర్ రెసిన్‌లో ఆ పని నడుస్తుంది, ఎపాక్సీలో నడవదు. ఎక్కువ పోసినా తక్కువ పోసినా ముద్ద మెత్తగానే ఉండిపోతుంది, తర్వాత దాన్ని గీకి తీయడం తప్ప మార్గం లేదు. త్వరగా ఆరాలంటే వేడి కావాలి. అది మన మే నెలలో కావలసినంత ఉంటుంది. 10 డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే సమయం సుమారు సగానికి పడిపోతుంది. ఎండాకాలం తెల్లవారుజామునే కలపండి. కలిపిన వెంటనే వెడల్పాటి పింగాణీ టైల్ మీద పల్చగా పరవండి. గ్లాసులో కుప్పగా వదిలేస్తే లోపలి వేడికి అదే పొగ చిమ్మి రాయి అయిపోతుంది. వానాకాలం ఇంకో రకం ఇబ్బంది. గట్టిపడ్డాక పైన జిడ్డు పొర తేలుతుంది. గోరువెచ్చని నీళ్లతో తుడిచి, ఆరాక పేపర్ కొట్టి, ఆ తర్వాతే రెండో పూత వేయండి. లేకపోతే పై పూత పట్టదు.

ఇక పొడుల దగ్గరికి వద్దాం. రంపపు పొట్టు అందరికీ అందుబాటులో ఉంటుంది. అదే చెక్క పొట్టు తీసుకుని, ఎండబెట్టి, పల్చటి గుడ్డలో జల్లెడ పట్టండి. ఎపాక్సీ తగలగానే రంగు నల్లబడుతుంది కాబట్టి ముందు వేరే ముక్క మీద చూసుకోండి. చిన్న పగుళ్లు, అంచులు ఊడిన చోట్లకి ఇది బాగుంటుంది. చెంప ఎత్తు పెంచడానికి మాత్రం నేను గాజు మైక్రోబెలూన్లనే వాడతాను. లోపల బోలుగా ఉండే సన్నటి గాజు గుండ్లవి. ముద్ద తేలికవుతుంది, ఆకురాయికి, పాలిష్ పేపర్‌కి సులువుగా లొంగుతుంది. పోటీల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ బరువు 5.5 కిలోలు దాటకూడదు. పైన వేసే ప్రతి ముద్దా ఆ లెక్కలోకి వస్తుంది. ఎంసీల్ చేతి పట్టు ఆకారం చేయడానికి సులువే కానీ బరువు. కాబట్టి కొద్దిచోటే వాడండి.

స్క్రూ దగ్గర, యాక్షన్ (రైఫిల్ ఇనుప భాగం) కూర్చునే చోట మైక్రోబెలూన్లు పనికిరావు, నలిగిపోతాయి. అక్కడ మిల్డ్ గ్లాస్ ఫైబర్ (పొడిలా నూరిన గాజు పీచు), లేదా అల్యూమినియం పొడి. రెండూ బిగింపుకి తట్టుకుంటాయి. జారకుండా నిలబడటానికి ఏరోసిల్ (చాలా సన్నటి సిలికా పొడి) కొద్దిగా చేర్చండి. ఎక్కువ వేస్తే ఆకురాయి అరిగిపోతుంది గానీ ముద్ద అరగదు. ముందు రెసిన్, హార్డెనర్ పూర్తిగా కలపండి. పొడి ఆ తర్వాతే. చెంచాలో ఎత్తి తిరగేస్తే పడిపోకుండా నిలిచే గట్టి పల్లీ పచ్చడిలా ఉంటే సరిపోయినట్టు.

“అన్నా, కార్ల లప్పం పెడితే అయిపోదా? అరగంటలో ఆరిపోతది” అని చాలామంది అడుగుతారు. కార్ల లప్పం పాలిస్టర్. ఆరేటప్పుడు కుంచించుకుంటుంది, చెక్కని గట్టిగా పట్టదు. వానాకాలం చెక్క ఉబ్బినప్పుడు దాని అంచు పెచ్చులుగా లేస్తుంది. నేను పెట్టను, మీరూ పెట్టొద్దు.

ఇప్పుడు పని. పాత పాలిష్ మొత్తం గీకి చెక్క కనపడేదాకా తీయండి. టేకు, జిట్రేగి లాంటి నూనె చెక్క అయితే అసిటోన్ గుడ్డతో తుడిచి, అది ఆరగానే జిగురు వేయాలి. రేపటిదాకా ఆగితే నూనె మళ్లీ పైకి వస్తుంది. ముందు పొడి కలపని పల్చటి ఎపాక్సీ ఒక పూత. అది జిగురుగా ఉండగానే దాని మీద ముద్ద. ఎత్తు ఒకేసారి కాకుండా రెండు మూడు వాయిల్లో పెంచండి. షూటర్‌ని కూర్చోబెట్టి, కళ్లు మూసి చెంప ఆనించమని, తెరిచాక సైట్ ఎక్కడుందో చూడమని చెప్పి, తేడా ఉన్న చోటే మళ్లీ అరగదీయండి.

బెడ్డింగ్‌కి, అంటే యాక్షన్ స్టాక్‌లో కదలకుండా కూర్చునేలా చేయడానికి, ఇంకా ఓపిక కావాలి. ఇనుము కింద భాగానికి కాటుక పల్చగా రాసి స్టాక్‌లో కూర్చోబెట్టి, తీసి చూడండి. మచ్చ పడిన చోట మాత్రమే తగులుతోంది. చాలా స్టాక్‌లలో రెండు మూడు చుక్కల మీదే యాక్షన్ నిలబడి ఉంటుంది. ఆ చుట్టూ ఉలితో మిల్లీమీటరు లోతు తీసి అక్కడ గట్టి ముద్ద నింపండి. ఇనుముకి మైనం పాలిష్ మూడు పూతలు పట్టించండి. ట్రిగ్గర్ సందులు, స్క్రూ రంధ్రాలు పిల్లలు ఆడుకునే బంకమట్టితో మూసేయండి. ఈ జాగ్రత్త తీసుకోకపోతే రైఫిల్, స్టాక్ ఒకటైపోతాయి. స్క్రూని బలంగా బిగించకండి, బరువుకి కూర్చుంటే చాలు. బిగిస్తే చెక్క వంగిన స్థితిలోనే అచ్చు పడుతుంది. స్ప్రింగ్‌తో పనిచేసే ఎయిర్ రైఫిల్ వెనక్కే కాదు, ముందుకీ కొడుతుంది. కాబట్టి స్క్రూల చోట చిన్న అల్యూమినియం గొట్టం ముక్కలు కూడా దించితే చెక్క నలగదు.

నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. ఎపాక్సీ పదేపదే చర్మానికి తగిలితే అలర్జీ పట్టుకుంటుంది. ఆ తర్వాత ఒక చుక్క తగిలినా దద్దుర్లే. పేపర్ కొట్టేటప్పుడు ఎన్95 మాస్క్ పెట్టుకోండి, కిటికీలు తీసి ఉంచండి. పచ్చి ముద్ద ధూళి మరీ ప్రమాదం, పూర్తిగా ఆరాకే అరగదీయండి.

ఎపాక్సీ ఎండకి పసుపెక్కుతుంది. పైన పీయూ (పాలీయురెథేన్) పాలిష్ రెండు పూతలు వేయండి. మన గదుల వేడిలోనే ఆరిన ఎపాక్సీ 50–60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు డిక్కీ అంత వేడెక్కగలదు, రైఫిల్ అందులో వదలొద్దు. ముద్ద గట్టిపడ్డాక ఒక వారం ఆగి, స్క్రూలు మళ్లీ బిగించి, కాటుక పరీక్ష ఇంకోసారి చేసి, అప్పుడు రేంజ్‌కి తీసుకెళ్లండి.