కేర్ హోమ్‌లో మీ మొదటి హాలోవీన్

స్కాట్లాండ్‌కి కొత్తగా వచ్చి కేర్ హోమ్‌లో షిఫ్టులు మొదలుపెట్టిన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. హాలోవీన్ అంటే ఇక్కడ అక్టోబర్ 31న దెయ్యాల వేషాలతో చేసుకునే పండుగ. అక్టోబర్ మూడో వారం వచ్చేసరికి లాంజ్‌లో నల్ల కాగితపు గబ్బిలాలు వేలాడుతుంటాయి, రిసెప్షన్ దగ్గర నారింజ రంగు గుమ్మడికాయలు వరసగా చేరతాయి, యాక్టివిటీస్ కోఆర్డినేటర్ వచ్చి 31న ఏం వేషం వేస్తున్నావని అడుగుతుంది. తొంభై ఏళ్ల పెద్దవాళ్లు ఉన్నచోట ఈ దెయ్యాలేంటి, అశుభం కదా అని మనకి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆరేళ్లయ్యాక ఇప్పుడు ఏడాదిలో నాకు బాగా ఇష్టమైన వారం అదే, ఎందుకంటే మామూలు రోజుల్లో రెండు ముక్కలు మాట్లాడనివాళ్లు కూడా ఆ వారంలో చిన్నప్పటి సంగతులు చెప్తారు.

టీవీలో చూసే హాలోవీన్ వేరు, మీ రెసిడెంట్లకి, అంటే హోమ్‌లో ఉండే పెద్దవాళ్లకి, తెలిసిన హాలోవీన్ వేరు. వాళ్ల చిన్నప్పుడు ఇక్కడ గుమ్మడికాయ లేదు. టర్నిప్ దుంప ఉండేది, ఇక్కడివాళ్లు నీప్ అంటారు. రాయిలా గట్టిగా ఉండే ఆ దుంపని చెంచాతో తొలిచి, కళ్లూ నోరూ కోసి, లోపల కొవ్వొత్తి పెట్టి, తాడు కట్టి చేత్తో పట్టుకుని వీధుల్లో తిరిగేవాళ్లు. పిల్లలు వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరగడాన్ని గైజింగ్ అంటారు, మన పగటివేషాల వాళ్లు గుర్తొస్తారు వింటుంటే. ఊరికే చేయి చాపితే ఏమీ వచ్చేది కాదు, పాటో పద్యమో జోకో వినిపించాలి, అప్పుడు ఒక యాపిల్, గుప్పెడు వేరుశెనక్కాయలు, అదృష్టం బాగుంటే ఒక నాణెం. ఈ దేశంలో స్వీట్లు 1942 నుంచి 1953 దాకా రేషన్‌లో ఉండేవి, కాబట్టి ఇప్పుడు తొంభైకి దగ్గరగా ఉన్నవాళ్లకి చిన్నప్పుడు చాక్లెట్ అంటే ఎంత అపురూపమో ఆలోచించండి.

అందుకే నా మొదటి సలహా, ఒక టర్నిప్ కొనిపించండి. పెద్దదే, ఊదా రంగు తొక్క ఉన్నది. దాన్ని రెసిడెంట్ చేతిలో పెట్టి, మీకు గుర్తుందా అని మాత్రం అడగొద్దు. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉన్నవాళ్లకి ఆ ప్రశ్న పరీక్ష పెట్టినట్టు ఉంటుంది, జవాబు దొరక్కపోతే సిగ్గుపడి మౌనంగా అయిపోతారు. దానికి బదులు, మా ఊళ్లో ఇది లేదు, దీన్ని ఎలా తొలవాలో నాకు చెప్పండి అనండి. ఇది నటన కాదు, మనకి నిజంగానే తెలియదు. ఇక్కడ పుట్టిపెరిగిన కేరర్లకి లేనిది మనకున్నది ఇదొక్కటే. రోజంతా ఇంకొకరి సాయంతో తినే, లేచే, స్నానం చేసే మనిషికి ఒకరికి నేర్పించే అవకాశం దొరికితే కూర్చునే తీరే మారిపోతుంది. నేను చూసుకునే ఒకావిడ వారాల తరబడి అవును, కాదు తప్ప మాట్లాడలేదు. టర్నిప్ చేతికివ్వగానే ముక్కు దగ్గర పెట్టుకుని, కాలితే దీని వాసన భరించలేం అన్నారు, తర్వాత వాళ్లన్నయ్య గురించి అరగంట చెప్పారు.

యాపిల్ తొక్క ఆట కూడా అడగండి. తొక్క తెగకుండా పొడవుగా తీసి భుజం మీదుగా వెనక్కి విసిరితే, కింద పడి ఏ అక్షరంలా కనిపిస్తే ఆ అక్షరంతో పేరున్నవాణ్ని పెళ్లి చేసుకుంటారని నమ్మకం. ఇది మొదలైతే లాంజ్‌లో పెళ్లి కబుర్లు ఆగవు. తొక్క మీరు తీయండి, విసిరేది వాళ్లు. విసిరిన తొక్క వెంటనే ఏరేయండి, ఎవరైనా జారిపడతారు. నీళ్ల టబ్‌లో తల ముంచి పళ్లతో యాపిల్ అందుకునే ఆట మాత్రం వద్దు, కట్టుడు పళ్లు, ఇన్ఫెక్షన్, అన్నీ సమస్యలే. టేబుల్ మీద బేసిన్ పెట్టి గరిటెతో యాపిల్ పైకి తీయమంటే సరదాకి సరదా, చేతులకి వ్యాయామం.

వేషం గురించి. నా మొదటి ఏడాది నేను పుర్రె మాస్క్ పెట్టుకుని లాంజ్‌లోకి వెళ్లాను. ఒకావిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని వణికిపోయారు, నేను మాస్క్ తీసి పేరు చెప్పినా ఆ మధ్యాహ్నం నా చేత్తో అన్నం తినలేదు. ఆ తప్పు మీరు చేయకండి. మొహం కనిపించాలి, వినికిడి తక్కువున్నవాళ్లు పెదాలు చూసే మాట అర్థం చేసుకుంటారు. నారింజ కార్డిగన్, ఒక తమాషా టోపీ చాలు. లూయీ బాడీ అని డిమెన్షియాలో ఒక రకం, అది ఉన్నవాళ్లలో చాలామందికి లేని పురుగులు, మనుషులు ఎలాగూ కనిపిస్తుంటారు, వాళ్ల దగ్గర ప్లాస్టిక్ సాలీళ్లు పెట్టడం క్రూరత్వమే అంటాను నేను. నేలమీద నల్లటి మ్యాట్ కొందరికి గొయ్యిలా కనిపిస్తుంది, దాటలేక ఆగిపోతారు. హ్యాండ్‌రైల్స్ మీద దూది సాలెగూళ్లు చుట్టొద్దు. ఇక సమాధి రాళ్ల బొమ్మలు, ఎవరో ఒకరు ఈమధ్యే పోయిన ఇంట్లో అవెందుకు? కొత్తవాళ్లమని ఊరుకోకుండా సీనియర్‌కి చెప్పండి, నేను చెప్తే తీసేశారు.

తిండి విషయంలో మొహమాటం అసలు పనికిరాదు. మింగడం కష్టమైనవాళ్లకి కేర్ ప్లాన్‌లో ఐడీడీఎస్ఐ లెవెల్ (తిండి ఎంత మెత్తగా ఉండాలో చెప్పే అంకె) రాసి ఉంటుంది, 4 అంటే మెత్తటి ప్యూరీ, 5 అంటే సన్నగా తరిగి తడిగా ఉన్నది, 6 అంటే మెత్తటి చిన్న ముక్కలు. పార్టీ రోజు ఎవరో ప్రేమగా మార్ష్‌మాలో అనే మెత్తటి స్వీట్ చేతిలో పెడతారు, అది గొంతులో ఇరుక్కుంటుంది. టాఫీ యాపిల్, గట్టి స్వీట్లు, వేరుశెనగలు కూడా అంతే. గుమ్మడికాయ సూప్ చాలామందికి సరిపడేలా చేయొచ్చు కానీ ఎవరికి ఎంత చిక్కగా ఉండాలో కిచెన్ వాళ్లతో ముందే మాట్లాడండి.

కొవ్వొత్తులు వద్దు, బ్యాటరీ దీపాలే. చర్మానికి రాసే పారఫిన్ క్రీములు బట్టలకి అంటుకుని ఉంటాయి, నిప్పు తగిలితే క్షణాల్లో మండుతుంది. బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి, చిన్న గుండీ బ్యాటరీ మింగితే ప్రాణాపాయం.

పార్టీ మధ్యాహ్నం రెండింటికి పెట్టించండి. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి, ఆ తర్వాత గ్లాస్గోలో నాలుగున్నరకే సూర్యాస్తమయం, చీకటి పడేవేళ చాలామందికి ఆందోళన పెరుగుతుంది. ఆ శనివారం రాత్రి డ్యూటీ మీదైతే ఒక గంట ఎక్కువ పనిచేస్తారు, దాని జీతం సంగతి ముందే అడగండి. స్టూడెంట్ వీసా మీద ఉంటే పార్టీ కోసం ఉండిపోయిన గంటలు కూడా టర్మ్‌లో వారానికి 20 గంటల లెక్కలోకి వస్తాయి, జాగ్రత్త. ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు, ఎంత ముద్దొచ్చినా సరే.

అందరూ ఇందులో చేరాలని లేదు. యెహోవా సాక్షులు హాలోవీన్ చేసుకోరు, ఇంకొందరికి వాళ్ల విశ్వాసం ఒప్పుకోదు. వాళ్ల గది తలుపు మీద ఏమీ అంటించకండి, ఆ టైమ్‌కి వాళ్లకి వేరే ఏదైనా ఏర్పాటు చేయండి. మీ విశ్వాసానికి ఇబ్బందైతే మేనేజర్‌కి మర్యాదగా చెప్పి సూప్ పనో టీ పనో తీసుకోండి, మనవాళ్లలో చాలామంది అలా చేస్తారు, ఎవరూ తప్పుపట్టగా నేను చూడలేదు.

మన సంగతులు కూడా చెప్పండి. 2024లో దీపావళి సరిగ్గా 31నే వచ్చింది. ఆ రోజు నాకు షిఫ్ట్ లేదు, పట్టుచీర కట్టుకుని వెళ్లాను, చాలామంది అంచు తడిమి చూశారు. మా ఇంట్లో ఆడవాళ్లు నిండు గుమ్మడికాయకి మొదటి గాటు పెట్టరు, మగవాళ్లెవరైనా పెట్టాలి అని ఒకాయనకి చెప్తే, వ్యవసాయం చేసిన మనిషి, వెంటనే చేయి చాపారు. కత్తి నేను పట్టుకున్నాను, నా చేతిమీద ఆయన చెయ్యి, అలా కోశాం. పోయినేడు కూడా, గాటు పెట్టేది నేనే కదా అని ఆయనే అడిగారు.

నవంబర్ 1 పొద్దున్నే అలంకరణ తీసేయండి, అప్పటికే యుద్ధంలో పోయినవాళ్ల జ్ఞాపకానికి ఎర్ర పాపీ పూలు వచ్చేస్తుంటాయి. 5న బాన్‌ఫైర్ నైట్, ఊరంతా బాణసంచా. ఆ సాయంత్రం డ్యూటీ ఉంటే కర్టెన్లు ముందే వేసి, ఇష్టమైన పాటలు కాస్త గట్టిగా పెట్టి, చప్పుళ్లకి భయపడేవాళ్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి.