కరగ రాత్రి నోట్సు: పాదాల దగ్గర మొదలుపెట్టండి

బెంగళూరు కరగ ఉత్సవంలో ఒకాయన పూలతో అలంకరించిన కలశాన్ని, అంటే కరగను, తల మీద మోస్తూ రాత్రంతా పేటల్లో తిరుగుతాడు. అది చూసి నోట్సు రాయాలనుకునేవాళ్ల కోసం ఇది. నేను వెళ్లిన మొదటి ఏడాది మూడు గంటలు ఫోన్‌లో వీడియో తీశాను. పొద్దున చూస్తే అన్నీ జనం తలలు, నా ముందు ఎత్తిన ఫోన్లు. కరగ మోసే ఆయన అడుగు ఒక్కటీ లేదు. ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం) చదువుతూ చేసిన పని అది!

అందుకే, కరగ జరిగే చైత్ర పున్నమికి వారం ముందే పగటిపూట నగర్తపేట వెళ్లండి. ధర్మరాయస్వామి గుడి నుంచి ఆ పేటల్లో నడవండి. సందు ఎక్కడ ఇరుకవుతుందో, కరెంటు తీగలు ఎక్కడ వేలాడుతున్నాయో చేత్తో గీసుకోండి.

తరవాత కంఠీరవ స్టేడియం. సంపంగి చెరువు ఉన్న చోట కట్టారు దాన్ని. కరగ పూజల కోసం ఒక చిన్న కుంట మాత్రం మిగిల్చారు. ఈ కరగ జరిపే తిగళ కులంవాళ్లు తోటలు పెంచుకుని బతికినవాళ్లు, చెరువుంటేనే తోట. పున్నమికి ముందు వచ్చే ‘హసి కరగ’ అనే ఘట్టం పేరులో హసి అంటే కన్నడలో పచ్చి, తడి. కరగను చెరువులతో, తోటలతో కలిపి చూడటం నేను స్మృతి శ్రీనివాస్ బెంగళూరు మీద రాసిన 2001 పుస్తకంలో నేర్చుకున్నాను. ఆ కుంట చూడకుండా రాస్తే అది ఉత్త డాన్స్ రివ్యూ.

కరగ గుడిలోంచి బయటికొచ్చేది అర్ధరాత్రి తరవాతే. ఒక మలుపులో గోడకు ఆనుకుని నిలబడండి, వెంట పరుగెత్తకండి. మల్లెపూల కరగ, చుట్టూ కత్తులతో కాపలాగా నడిచే వీరకుమారులు: చూపు పైకే పోతుంది. బలవంతంగా కిందికి దించండి. పోయినేడు నేను రాసింది ఇది:

“మలుపుకి నాలుగడుగుల ముందు నెమ్మదించాడు. ఎడమ పాదం, ముందు వేళ్లు. మోకాలు వంగింది, నడుము తిరిగింది, మెడ కదల్లేదు. తీగ దాటాక మళ్లీ పరుగు.”

“భక్తితో ఊగిపోయారు” అని మాత్రం రాయకండి. అందులో ఏ కాలు ఎటు పోయిందో ఎవరికీ తెలీదు.

పక్కన పూలమ్మే అక్క, “ఏం రాస్తున్నావమ్మా, దండం పెట్టుకోకుండా?” అంది. పెట్టుకుని రాశాను. అదీ నోట్సులో ఉంది.

కాటన్‌పేటలో మస్తాన్ దర్గా దగ్గర కరగ ఆగుతుంది. అక్కడ ఎవరు ఎవరికి ఎదురుగా నిలబడ్డారో, కదలిక ఎప్పుడు ఆగిందో టైముతో సహా రాయండి.

ఇంటికెళ్లి పడుకోకముందే అంతా తిరగరాయండి. అక్కడ రాసేటప్పుడు మాత్రం పెన్ను వద్దు, పెన్సిలే. నా రెండో ఏటి నోట్సు సగం చెమటకి అలికిపోయింది.