హీట్ పంప్ డ్రయ్యర్ కొనేముందు ఇది చూస్కోండి
వానాకాలం ఫ్లాట్లో బట్టలారక ముక్కిపోయిన వాసనొస్తోందని డ్రయ్యర్ కొనేవాళ్ళు హీట్ పంప్ రకమే తీస్కోండి, మామూలు కండెన్సర్ రకం (హీటర్‌తో గాలిని వేడిచేసి ఆరబెట్టేది) దానితో పోలిస్తే కరెంటు దాదాపు సగమే అవుద్ది, ఎందుకంటే ఏసీలో లాగే కంప్రెసర్ ఉండి ఉన్న వేడినే బయటికి వదలకుండా మళ్ళీ మళ్ళీ తిప్పుద్ది, వేడి కూడా తక్కువే కాబట్టి కాటన్ చుడీదార్లు పెద్దగా కుంచించుకుపోవు, గోడకి కన్నం కొట్టి గొట్టం పెట్టే పనీ లేదు. కాకపోతే రేటెక్కువ, ఫుల్ లోడ్ కాటన్ బట్టలకి 2-3 గంటలు పట్టొచ్చు. అందుకే వాషింగ్ మెషీన్‌లో స్పిన్ స్పీడు 1200 (నిమిషానికి తిరిగే చుట్లు) పెట్టి గట్టిగా పిండాకే డ్రయ్యర్లో వెయ్యండి, ఇది చాలా తేడా చూపిస్తది. డ్రయ్యర్ జాలీలో పేరుకున్న నూగు ప్రతిసారీ తీసెయ్యాలి, వదిలేస్తే టైమూ కరెంటూ రెండూ పెరుగుతాయి. బట్టల్లోంచి వచ్చిన నీళ్ళు చేరే ట్యాంకు నిండితే మెషీన్ మధ్యలో ఆగిపోద్ది, డ్రెయిన్ పైపు తగిలించే వీలుంటే ఇన్‌స్టలేషన్ అప్పుడే అడిగి పెట్టించుకోండి.