సైకిల్ మీద నుంచి పడి భుజం దెబ్బతిందా? ముందు ఎవరినీ లాగనివ్వకండి

విజయవాడ వైపు కరకట్ట మీదో, బందరు రోడ్డు మీదో పొద్దున్నే సైకిల్ తొక్కుతూ పడితే చాలాసార్లు దెబ్బ భుజానికే. నేరుగా భుజమే నేలకి కొట్టుకుంటుంది, లేదా చెయ్యి చాపి ఆపుకోబోతే ఆ అదురు పైకి పాకి కాలర్ బోన్ (మెడ కింద నుంచి భుజం దాకా అడ్డంగా ఉండే ఎముక) దగ్గర తేలుతుంది. కింద పడ్డ రెండు నిమిషాల్లో చుట్టూ జనం చేరతారు. వాళ్లలో ఒకాయన "గూడ జారింది బాబూ, నే ఎక్కిస్తా ఉండు" అంటూ చెయ్యి పట్టుకుంటాడు. మంచి మనిషే, కానీ వద్దని గట్టిగా చెప్పండి. జారింది నిజమే అయినా పక్కన ఎముక విరిగి ఉందో లేదో ఎక్స్‌రే తీస్తే తప్ప తెలీదు. విరిగిన ఎముకని లాగితే పక్కకి జరుగుతుంది, పైగా ఆ కీలుని ఆనుకునే చేతికి వెళ్లే నరాలు, రక్తనాళాలు ఉంటాయి.

మోచెయ్యి మడిచి పొట్టకి ఆనించి, కండువాతోనో చున్నీతోనో మెడకి వేలాడేలా కట్టండి, దీన్నే స్లింగ్ అంటారు. ఉంగరం, వాచీ అప్పుడే తీసేయండి, వాపు వచ్చాక రావు. ఎవరో టీ తెస్తారు, ఇంకొకరు సోడా కొట్టిస్తారు, ఏమీ తాగకండి. భుజం ఎక్కించడానికి మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. తలకి దెబ్బ తగిలినా, వాంతి అయినా, మెడ నొప్పి పుడుతున్నా, ఊపిరి ఆడకపోయినా, వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కినా, ఎముక చర్మాన్ని పొడుచుకొస్తున్నట్టు కనబడినా ఆటో ఆలోచన మానేసి 108కి ఫోన్ చెయ్యండి. మెడ నొప్పి ఉంటే అసలు కదపొద్దు. విజయవాడలో పెద్దాసుపత్రి, గుంటూరులో జీజీహెచ్ అనే సర్కారు ఆసుపత్రి, రెండు చోట్లా ఎముకల విభాగం ఉంది.

ఇంకో మాట. బండి గుద్దితే పడ్డారనుకోండి, "పోలీసు కేసు అవుతుంది, బాత్రూమ్‌లో జారానని చెప్పు" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆ మాట వినకండి. కేస్ షీట్‌లో ఏం రాస్తే రేపు ఇన్సూరెన్స్ వాళ్లు అదే పట్టుకుంటారు.

కాలర్ బోన్ విరిగితే టెన్షన్ పడక్కర్లేదు, చాలామందికి స్లింగ్‌తోనే అతుక్కుంటుంది. పెద్దవాళ్లకి 6 నుంచి 12 వారాలు పడుతుంది, అతికిన చోట చిన్న బుడిపె మిగలొచ్చు. ముక్కలు బాగా దూరం జరిగితేనో, చర్మం చిరిగేలా ఉంటేనో డాక్టర్లు ఆపరేషన్ చేసి ప్లేటు వేస్తామంటారు. నన్నడిగితే ఎక్కువ జాగ్రత్తపడాల్సింది ఎక్స్‌రే బాగుందన్నప్పుడే. కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే తాడు తెగితే ఎక్స్‌రేలో కనబడదు. వారం పది రోజులైనా చెయ్యి పక్క నుంచి పైకి లేవకపోతే మళ్లీ వెళ్లి స్కానింగ్ అవసరమా అని అడగండి. నాటు కట్టు సంగతి అంటారా, కాలర్ బోన్‌కి బిగించి కట్టడానికి అసలు చోటే లేదు. ఇప్పటికే కట్టించేసి ఉంటే, వేళ్లు నీలంగా మారినా మొద్దుబారినా వెంటనే విప్పించేయండి.

మొదటి రెండు మూడు రోజులు ఐస్‌ని గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టండి. కాపడం, బామ్ రాసి మర్దన, ఇవేవీ అప్పుడే వద్దు. వెల్లకిలా పడుకుంటే నరకం, దిళ్లు ఎత్తుగా వేసుకుని సగం కూర్చున్నట్టు పడుకుని మోచేతి కింద ఇంకో దిండు పెట్టుకోండి. చొక్కా వేసుకునేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. మన ఎండల్లో స్లింగ్ కింద చంక చెమటకి ఒరిసిపోతుంది, పల్చటి నూలు గుడ్డ మడిచి పెట్టి పూటకోసారి మారుస్తుండండి.

డాక్టర్ వద్దంటే తప్ప వేళ్లు, మణికట్టు, మోచెయ్యి మొదటి రోజు నుంచే ఆడిస్తూ ఉండాలి. భుజం మాత్రం డాక్టర్ సరేనన్నాకే: బాగున్న చెయ్యి బల్ల మీద ఆనించి ముందుకి వంగి, దెబ్బ తగిలిన చేతిని బావిలోకి వదిలిన చేదలా వదిలేసి మెల్లగా ఊపండి. తర్వాత గోడ మీద వేళ్లతో పైకి పాకడం, ఎక్కడిదాకా వెళ్లారో పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే రేపు దాన్ని దాటాలనిపిస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు ఇది అశ్రద్ధ చేస్తే భుజం బిగుసుకుపోయి, జుట్టు దువ్వుకోవడానికి కూడా ఇంకొకరు కావాల్సొస్తుంది.

గోడకి రెండు చేతులూ ఆనించి బరువు మోపినా నొప్పి లేదు, రెండు బ్రేకులూ గట్టిగా పట్టగలుగుతున్నారు, వెనక్కి తిరిగి చూడగలుగుతున్నారు అంటే, డాక్టర్‌ని అడిగి సైకిల్ ఎక్కొచ్చు. స్కూటీకీ ఇదే లెక్క. ఎక్కే ముందు హ్యాండిల్, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ వంకర పోయాయేమో మెకానిక్‌కి చూపించండి. హెల్మెట్ నేలకి తగిలి ఉంటే పైకి పగులు కనబడకపోయినా కొత్తది కొనాల్సిందే, లోపలి థర్మకోల్ ఒకసారి నొక్కుకుపోతే రెండోసారి తలని కాయదు.