లాటరీ తగిలిందని మెయిల్ వచ్చిందా? పండగ సీజన్‌కి ముందే ఇవి చూసుకోండి

దసరా ఆఫర్లు మొదలయ్యాయంటే ఇన్‌బాక్స్‌లో లక్కీ డ్రా మెయిళ్లు వరస కడతాయి. నిజమైన షాపుల ప్రకటనల మధ్యలోకి ‘మీ ఈమెయిల్ ఐడీకి 25 లక్షలు తగిలాయి’ అనే మెయిల్ కూడా దూరుతుంది. ఈ 25 లక్షల కథ కౌన్ బనేగా కరోడ్‌పతి పేరు వాడుకునే ముఠాలది. వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతూ మెయిళ్లలోకీ వచ్చింది. అమితాబ్ ఫొటో, బ్యాంకు లోగో, గుండ్రటి స్టాంపు, కింద ఎవరో ‘మేనేజర్’ సంతకం. చూడ్డానికి సర్టిఫికెట్‌లాగే ఉంటుంది.

అక్షర దోషాలుంటే దొంగ మెయిల్ అనే పాత సలహాను ఇక పక్కన పెట్టేయండి. ఇప్పుడు ఏఐతో రాయించుకుంటున్నారు, తెలుగు కూడా శుభ్రంగానే వస్తోంది. భాషకన్నా డబ్బు ఎటు పోతోందో చూడాలి. మొదట ‘ప్రాసెసింగ్ ఫీజు’ అని చిన్న మొత్తం అడుగుతారు. అది కట్టాక జీఎస్టీ, తర్వాత కరెన్సీ మార్పిడి చార్జీ, ఆపైన ఏదో క్లియరెన్స్. ఇప్పటికే ఇంత కట్టాం కదా, ఇంకొక్కటి కడితే పోలా అనిపించడమే వాళ్లకు కావాల్సింది.

పన్ను పేరు చెబితే చాలామంది నమ్మేస్తారు, ఎందుకంటే లాటరీ సొమ్ము మీద 30 శాతం పన్ను నిజంగానే ఉంది. కానీ నగదు బహుమతిలో ఆ పన్నును ఇచ్చేవాళ్లే పట్టుకుని మిగతాది చేతికిస్తారు. ‘ముందు మీరు పన్ను కట్టండి, తర్వాత మేం పంపుతాం’ అన్నారంటే ఇక మాట్లాడేదేం లేదు. రిజర్వ్ బ్యాంకు పేరుతో వచ్చేవి మరీ విడ్డూరం. అక్కడ మామూలు జనానికి సేవింగ్స్ ఖాతాలే ఉండవు, మీ పేరిట కోట్లు ఎక్కడ దాస్తారు? విదేశీ లాటరీ అన్నా అంతే. లాటరీ టికెట్ల కోసం మన దేశం నుంచి బయటికి డబ్బు పంపడమే ఫెమా (విదేశీ మారక ద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం కుదరదు. అయినా అసలు టికెట్టే కొనలేదు కదా!

ఫోన్‌లో మెయిల్ తెరిస్తే పంపినవాళ్ల పేరు మాత్రమే కనిపిస్తుంది. ఆ పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. జీమెయిల్‌లో పేరు కింద ‘నాకు’ అని ఉన్న చోట నొక్కితే పూర్తి అడ్రస్ బయటపడుతుంది. పైన పెద్ద కంపెనీ పేరుండి, అడ్రస్ చివర మామూలు జీమెయిల్ ఐడీనో, పొంతన లేని డొమైనో (@ తర్వాత వచ్చే పేరు) ఉంటే తేలిపోయినట్టే. కంప్యూటర్‌లో చూస్తే, జవాబు వెళ్లే అడ్రస్ వేరేది పెట్టారేమో కూడా తెలుస్తుంది. అటాచ్‌మెంట్లు, లింకులు మాత్రం తెరవకండి.

‘భద్రతా కారణాల వల్ల ఈ విషయం ఎవరికీ చెప్పవద్దు’ అనే వాక్యం ఇలాంటి మెయిళ్లలో తరచూ ఉంటుంది. నా లెక్కలో అన్నిటికన్నా ప్రమాదకరమైంది ఇదే. కొడుకుకో కోడలికో ఒక్క మాట చెబితే అక్కడికక్కడే ఆగిపోతుందని వాళ్లకు తెలుసు. అందుకే ఇంట్లో పెద్దవాళ్లతో ‘నాన్నా, ఇలాంటి మెయిల్ ఏదొచ్చినా నాకోసారి చూపించు’ అని ముందే చెప్పి ఉంచండి. నవ్వుతారనో తిడతారనో భయం పెడితే మాత్రం ఆయన చూపించరు.

‘మోసం అని తెలుసు’ అంటూ తిట్టి జవాబు రాయడం కూడా వద్దు, ఐడీ వాడుకలో ఉందని వాళ్లకు మనమే చెప్పినట్టవుతుంది. స్పామ్ కొట్టి వదిలేయండి.

ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపే అవకాశం అంత ఎక్కువ. మెయిళ్లు, చెల్లింపు స్క్రీన్‌షాట్లు చెరపకండి, ఫిర్యాదుకు అవే ఆధారం. డబ్బు పోకపోయినా ఆధార్, పాన్ కాపీలు పంపి ఉంటే మీ పేరు మీద ఎవరైనా లోన్ తీశారేమో క్రెడిట్ రిపోర్టులో (మీ పేరు మీదున్న అప్పుల చిట్టా, సిబిల్ లాంటి సంస్థలు ఇస్తాయి) చూసుకోండి. ఏడాదికి ఒకసారి ఉచితంగానే ఇస్తారు.

కొన్నాళ్లకు ‘మీ సొమ్ము వెనక్కి ఇప్పిస్తాం’ అంటూ లాయరుననో, సైబర్ అధికారిననో ఫోన్ రావచ్చు. ఫీజు అడిగితే అది కూడా ఆ బాపతే. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు ముఠాల మధ్య చేతులు మారుతుంటాయి.