ఆన్‌లైన్ శిక్షణలో పాఠాల వరుసను నియంత్రించడం: మూడుల్‌లో తాళం ఎక్కడ, ఎలా వేయాలి?

ఆన్‌లైన్ కోర్సు తయారుచేసేవారు చాలామంది పాఠాలన్నింటికీ వరుసగా తాళాలు వేసి, ఒకటి పూర్తయితేగాని తరువాతిది తెరుచుకోకుండా చేయాలనుకుంటారు. ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన మూడుల్‌లో ఈ పని సులువే కాని, తాళం ఎక్కడ అవసరమో తేల్చుకోవడమే కష్టం.

విద్యుత్ లైన్‌మెన్ శిక్షణను ఉదాహరణగా తీసుకుందాం. లైన్ క్లియర్ (లైనుపై పని చేయడానికి అనుమతి) తీసుకోవడం, సరఫరా నిలిచిందో లేదో పరీక్షించడం, లైనును ఎర్త్ చేయడం, ఆ తరువాతే పని మొదలుపెట్టడం అనే క్రమం తప్పితే ప్రాణాలకే ముప్పు కనుక, ఆ పాఠాలకు తాళం ఉండవలసిందే. పనిముట్ల పరిచయం, మీటర్ల రకాలు వంటివి ఎవరు ఎప్పుడు చదివినా నష్టం లేదు. ఏళ్ల తరబడి స్తంభాలెక్కిన మనిషిని కటింగ్ ప్లయర్ బొమ్మ ఉన్న పేజీ దగ్గర ఆపడం వల్ల ఆయనకు విసుగు తప్ప మరేమీ మిగలదు.

ముందుగా అడ్మిన్ స్థాయిలోని అడ్వాన్స్‌డ్ ఫీచర్స్‌లో కంప్లీషన్ ట్రాకింగ్ (ఏది పూర్తయిందో గుర్తుపెట్టుకునేది), రిస్ట్రిక్టెడ్ యాక్సెస్ (షరతు తీరేదాకా మూసి ఉంచేది) రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకుని, కోర్సు సెట్టింగుల్లో కూడా కంప్లీషన్ ట్రాకింగ్‌కు ‘యెస్’ ఎంచుకోవాలి. తరువాత, ఏది జరిగితే పాఠం పూర్తయినట్లో ఒక్కొక్క అంశానికీ చెప్పాలి. అసలు జాగ్రత్త వహించవలసింది ఇక్కడే. ‘వ్యూ’ అనే షరతు పెడితే, పీడీఎఫ్‌ను తెరిచి వెంటనే మూసేసినా మూడుల్ దానిని పూర్తయినట్లే లెక్కవేస్తుంది. అందువల్ల ముఖ్యమైన పాఠం చివర చిన్న క్విజ్ పెట్టి, తాళాన్ని ఆ క్విజ్‌కు ముడిపెట్టడం మేలు.

10 మార్కుల క్విజ్‌లో 8 వస్తేనే ముందుకు పంపాలనుకుంటే, క్విజ్ సెట్టింగుల్లో ‘గ్రేడ్ టు పాస్’ దగ్గర 8 అని వేసి, దాని పూర్తికి గ్రేడ్ రావాలన్న షరతును పెట్టాలి. ఆపైన తరువాతి పాఠంలోని ‘రిస్ట్రిక్ట్ యాక్సెస్’ భాగంలో యాక్టివిటీ కంప్లీషన్‌ను ఎంచుకుని, ఆ క్విజ్‌ను చూపి, పాస్ గ్రేడ్‌తో పూర్తి కావాలన్న ఎంపికను తీసుకోవాలి. కేవలం ‘పూర్తి అయినట్లు గుర్తించాలి’ అన్న ఎంపికను తీసుకుంటే, ఏ గ్రేడ్ వచ్చినా పూర్తయినట్లే లెక్కించే క్విజ్‌లో 2 మార్కులు తెచ్చుకున్నవారికి కూడా తలుపు తెరుచుకుంటుంది.

తప్పినవారి సంగతి కూడా ముందే ఆలోచించాలి. క్విజ్ రాయడానికి 2 అవకాశాలే ఇస్తే, రెండుసార్లూ తప్పినవారు అక్కడే చిక్కుకుపోతారు. ఫెయిల్ గ్రేడ్‌తో పూర్తి చేసినవారికి మాత్రమే కనిపించేలా ఒక పునశ్చరణ పాఠం పెట్టి, అది చదివినవారికి యూజర్ ఓవర్‌రైడ్ (ఒక్కరికి మాత్రమే క్విజ్ సెట్టింగును మార్చే సౌకర్యం) ద్వారా శిక్షకుడు మరొక అవకాశం ఇవ్వవచ్చు.

షరతు పక్కన ఉండే కంటి గుర్తును చాలామంది పట్టించుకోరు. కన్ను తెరిచి ఉంటే పాఠం పేరు, అది ఎందుకు మూసి ఉందో చెప్పే కారణం రెండూ అభ్యాసకునికి కనిపిస్తాయి. మూసి ఉంటే పాఠమే కనబడదు. పునశ్చరణ పాఠానికి తప్ప మిగతా అన్నింటికీ కన్ను తెరిచే ఉంచండి, లేకపోతే “పాఠం ఏదండీ?” అనే ఫోన్లు మీకు తప్పవు.

క్విజ్ లోపలి ప్రశ్నల మధ్య వెనక్కి వెళ్లకుండా చేయడానికి లేఅవుట్‌లోని ‘సీక్వెన్షియల్’ పద్ధతి ఉంది కాని, సాధన క్విజ్‌లకు దానిని వాడకపోవడమే మంచిది. స్కార్మ్ ప్యాకేజీగా (వేరే సాధనంలో తయారుచేసి మూడుల్‌లోకి ఎక్కించే పాఠాల ప్రామాణిక రూపం) వచ్చిన పాఠంలో స్లయిడ్ల మధ్య కదలికను మూడుల్‌లోని ఈ షరతులు నియంత్రించలేవు. దానిని స్టోరీలైన్ వంటి తయారీ సాధనంలోనే అమర్చుకోవాలి.

కోర్సును విడుదల చేసే ముందు విడిగా ఒక అభ్యాసకుని ఖాతా సృష్టించి, కావాలనే ఒకసారి తప్పి, మరొకసారి నెగ్గి చూడాలి. శిక్షకుని ఖాతాకు మూసి ఉన్నవి కూడా తెరుచుకుంటాయి కనుక దానితో చేసిన పరీక్ష చెల్లదు. ఈ పరీక్షను వాయిదా వేయవద్దు. అభ్యాసకులు కొన్ని పాఠాలు పూర్తిచేసిన తరువాత కంప్లీషన్ షరతులను మార్చబోతే, వాటిని అన్‌లాక్ చేయమని మూడుల్ అడుగుతుంది; అప్పుడు పాఠం పూర్తయిందని వారు స్వయంగా పెట్టుకున్న టిక్కులు చెరిగిపోతాయి.